నాలుగో నంబరు బూట్లు

సారు పోయాడని తెలిసినప్పుడు నేను చేటలో కందిపప్పు ఏరుతున్నాను. ఏరడం ఆపలేదు.

చెప్పింది పక్క క్వార్టరు మేరమ్మ. గోడ మీది నుంచి తల పెట్టి, "వదినా, ఇన్నవా? స్కేటింగు సారు పాయె. పొద్దున బాత్రూంల పడ్డడంట. దవాఖానకు తీస్కపోయేలోపే అయిపోయిందంట" అంది.

"అవ్, ఇన్న" అన్నాను. అంతకు ముందు వినలేదు. ఆమె చెప్తుంటేనే విన్నాను.

"గదేంది వదినా, గట్లంటవ్? మీ రూతుకు దేవుని తర్వాత ఆయనే గదా."

పప్పులో ఒక నల్లరాయి దొరికింది. తీసి గోడ అవతలికి విసిరాను. మేరమ్మ తల లోపలికి లాక్కుంది.

సాయంత్రం మా రూతు వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి. ఇరవైలు దాటిన పిల్ల, బడిలో స్కేటింగు మేడం, చిన్నపిల్లలా ముక్కు తుడుచుకుంటూ గడప మీద కూర్చుంది. "అమ్మా, ఆదివారం చర్చి అయినంక గ్రౌండుల సంతాప సభ పెడ్తున్రు. నువ్వు గూడ రెండు మాటలు మాట్లాడాలంట. మంచు పోటీకి పిల్లతోటి పోయిన తల్లివి నువ్వొక్కదానివే అని గ్రౌండు కమిటీవాళ్లు అడుగుతున్రు" అంది.

"నాకు రెండు మాటలు సరిపోవు బిడ్డా" అన్నాను.

అది దుఃఖం అనుకుంది. నా భుజం మీద తల పెట్టింది. ఆ సభలో నేను మాట్లాడని మాటలన్నీ ఇక్కడ రాస్తున్నాను.

మా క్వార్టర్ల చివర, బొగ్గుబాయి మట్టిగుట్టకు ఇవతల, ఒక సిమెంటు గచ్చు ఉంది. దాన్నే గ్రౌండు అంటాం. చక్రాల బూట్లతో పిల్లలు దాని మీద తిరుగుతారు. సారు ఏదో ఆఫీసులో గుమాస్తా. సాయంత్రం స్కూటరు మీద వచ్చేవాడు. తెల్ల కాన్వాసు బూట్లు వేసుకునేవాడు. బొగ్గు దుమ్ము ఊళ్లో తెల్లబూట్లు తెల్లగా ఉంచడం మాటలు కాదు. జేబులో సుద్దముక్క ఉండేది. పిల్లలు గచ్చు ఊడుస్తుంటే ఆయన ఒక పక్కన నిలబడి, ఒక కాలు మెట్టు మీద పెట్టి, బూటు అంచున నల్లమరక మీద సుద్ద రుద్దుకుంటుండేవాడు. ఎప్పుడూ కూర్చోగా చూడలేదు. కుర్చీ వేస్తే చేతిరుమాలు పరిచేవాడు, కానీ కూర్చునేవాడు కాదు. రుమాలే కూర్చునేది.

మా ఇళ్లలో మంచినీళ్లు తాగడు. సీసా తెచ్చుకుంటాడు. బుగ్గన సోంపు ఉంటుంది. ఎవరినైనా తిట్టబోయే ముందు ఆ సోంపు ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మారేది. అది కదలగానే పిల్లలు బిగుసుకుపోయేవాళ్లు. గొంతు మాత్రం లేచేది కాదు. మధిర దిక్కు మనిషి. మాట మెత్తగా, అమ్మా, అమ్మా అంటూ ఉంటుంది. మేం బాయి దగ్గరి వాళ్లం, గట్టిగా అరుచుకుంటాం, మళ్లీ కలిసి తింటాం. మెత్తగా మాట్లాడేవాడు మంచివాడని మా వాళ్లందరూ నమ్మారు. కొన్నాళ్లు నేనూ నమ్మాను.

పిల్లలను పేరు పెట్టి పిలవడు. బూటు నంబరు పెట్టి పిలుస్తాడు. "రెండు, ఇటు రా. మూడూ, వంగి తిరుగు. ఆరు ఏదీ, ఆరు ఇవాళ రాలేదా?" మూడో నంబరు పిల్లలు ఇద్దరుంటే పెద్దమూడు, చిన్నమూడు. మా రూతు నాలుగు. ఇంటికొచ్చి అది గొప్పగా చెప్పుకుంటే వాళ్ల నాయిన నవ్వేవాడు. "మా బాయిల గూడ టోకెన్ నంబరే పిలుస్తరు. గని మాకు జీతమన్న ఇస్తరు."

గచ్చు ముందరి గోడ మీద ఎర్రరంగుతో ఆయనే ఒక మాట రాయించాడు. అప్పుడప్పుడే మా మహిళా సంఘం క్లాసులో నాకు అక్షరాలు వచ్చాయి. బస్సుల మీద, దుకాణాల మీద, సబ్బు కాగితాల మీద ఏది కనిపిస్తే అది చదివేదాన్ని. రూతు కోసం నిలబడి ఆ గోడ మీది మాటను ఒక్కో అక్షరం కలుపుకుంటూ చివరిదాకా చదివాను. ఏడుపు బయట విడిచి లోపలికి రండి. చదివినంతసేపూ సంతోషంగానే ఉంది. అర్థం తర్వాత వచ్చింది.

మంచు బూట్ల సంగతి చెప్పాలి. చక్రాల బూట్లు వేరు, మంచు బూట్లు వేరు. మంచు బూటుకు అడుగున చక్రాలుండవు, కత్తిలాంటి ఇనుప పలక ఉంటుంది. ఉత్తరాన ఒక ఊళ్లో కప్పు కింద మంచు పరిచి ఆడించే చోటు ఉంది. ఏడాదికోసారి అక్కడ పోటీ. అందులో గెలిస్తే వచ్చే సర్టిఫికెట్టు కాలేజీ సీటుకు, ఉద్యోగానికి పనికొస్తుంది. సారు ఏటా ఇద్దరు ఆడపిల్లలను తీసుకుపోయేవాడు. ఇద్దరే ఎందుకంటే ఆయన దగ్గర మంచు బూట్లు రెండే జతలు. ఒకటి నాలుగో నంబరు, ఒకటి ఆరో నంబరు. ఎవరో వాడి వదిలేసినవి ఎక్కడో సంపాదించాడు. రేకు ట్రంకుపెట్టెలో ఉంచి తాళం వేసేవాడు. తోలు ఎండి చెక్కలా ఉండేది. వేలితో కొడితే టకటక మోగేది.

పోటీకి ముందు కాలు వాటికి అలవాటు పడాలని, మే నెలలో, ఆ పలకలకు ప్లాస్టిక్ తొడుగులు తగిలించి, ఇద్దరు పిల్లలను గచ్చు మీద గుండ్రంగా నడిపించేవాడు. మంచు ముఖం చూడని ఊరు. గచ్చు మీద నీళ్లు చల్లితే ఆవిరి లేచే ఎండ. షిఫ్టు దిగి పోయే వాళ్లు బండ్లు ఆపి చూసేవాళ్లు.

"ఏం సారూ, ఇయ్యాల మంచు పడుద్దంటవా?"

"పడితే మా ఇంటి మీద గింత ఎక్కువ పడమను!"

సారు వాళ్ల వైపు తిరిగేవాడు కాదు. విజిల్ నోట్లో ఉండేది. అది ఊదేదాకా బూటు విప్పకూడదు.

మొదటిరోజే బొబ్బలు లేచాయి. మడమ వెనక రూపాయి బిళ్లంత. చీలమండ ఎముక మీద ఒకటి. చిటికెనవేలు పక్కన చిన్నది, అన్నింటికంటే అదే ఎక్కువ ఏడిపించేది. నీరు నిండి తోలు పలచనై, లోపల దీపం పెట్టినట్టు మెరిసేవి. మరునాడు వాటి మీదే మళ్లీ బూటు. అవి పగిలి, పచ్చి తేలి, దాని అంచున కొత్తవి.

సారుకు వాటి గురించి నియమాలున్నాయి. సూదితో గుచ్చకూడదు. ప్లాస్టరు వేయకూడదు. రెండో మేజోడు తొడగకూడదు. "కాలు మొద్దుబారాలమ్మా. బుజ్జగిస్తే ఎప్పటికీ మొద్దుబారదు" అనేవాడు. ప్రతిరోజూ చివర కాళ్లు చూసేవాడు. వంగి చూడడు. పిల్ల కాలెత్తి బెంచీ మీద పెట్టాలి. ఆయన విజిల్ మొనతో బొబ్బను నొక్కుతాడు.

"నొప్పా?"

నొప్పి అంటే, "అయితే రేపట్నుంచి రావొద్దమ్మా" అంటాడు. అంతే. ఒక్క మాట ఎక్కువ అనడు. అలా అనిపించుకుని ఒక పిల్ల మానేశాక ఎవరూ నొప్పి అనలేదు. విజిల్ తగలగానే పిల్లలు నవ్వేవాళ్లు. పై పెదవి పళ్లకు అతుక్కుపోయి, కళ్లు ఎక్కడో గుట్ట మీద ఉండే నవ్వు. ఆ గచ్చు మీద పెరిగిన పిల్లలందరికీ ఆ నవ్వు వచ్చు.

ఇంటికి వచ్చాక నా వంతు. సూదిని మంటలో కాల్చి చల్లార్చి, బొబ్బకు పక్కనుంచి గుచ్చి, నీరు మెల్లగా ఒత్తి తీసి, పైతోలు అలాగే ఉంచేదాన్ని. వేపాకు కాచిన నీళ్లతో కడిగి, ఇప్పనూనె రాసేదాన్ని. సంతకు అడవి దిక్కు నుంచి వచ్చే ఒక ముసలామె సీసాల్లో తెచ్చి అమ్ముతుంది. మా ఇంట్లో పగుళ్లకూ పుండ్లకూ అదే. మరునాడు సారు చూసి గుచ్చిన గుర్తు పట్టేస్తాడని రూతు ఏడిచేది. దాని నాయిన పక్కన కూర్చుని తన కాళ్లు చాపేవాడు. ఆయన పాదాలు బాయి బూట్లలో అరిగిన పాదాలు.

"మాకు కొత్త బూట్లిస్తే మొదటి షిఫ్టుకే ఏస్కపోం బిడ్డా. తడిగుడ్డలు కూరి పెడ్తం. బూటే కాలుకు లొంగాలె. కాలే బూటుకు లొంగితే ఇగ ఆ కాలెందుకు?"

"నీకు తెల్వదు నాయినా. ఇయి మంచు బూట్లు."

"ఏ బూటైనా లోపలుండేది కాలే గదనే."

రూతు ఎనిమిదో తరగతిలో ఉండగా, ఆ ఏడు అది ఒక్కసారిగా పొడుగైంది. బడి మొదలయ్యేటప్పుడు కొన్న చెప్పులు సంక్రాంతికే మడమ బయటికి తోశాయి. దుకాణంలో వేసి చూస్తే అయిదో నంబరు. ఆ ఏడే సారు దాన్ని మంచు పోటీకి ఎంచాడు. నాలుగో నంబరు బూట్లకు.

"అమ్మా, నీకు దండం పెడ్త, సారుకు చెప్పకు" అంది రూతు. "చెప్తే నాలుగుకు పెద్దమూడును తీస్కపోతడు. ఆరుకు ఇంకో పిల్ల ఉండనే ఉంది. నేను మధ్యల పడ్త."

అయినా వెళ్లాను. ఆయన ఎప్పటిలాగే మెట్టు మీద కాలు పెట్టి సుద్ద రుద్దుకుంటున్నాడు.

"సారూ, మా పిల్ల కాలు పెరిగింది. అయిదు పడ్తుంది."

సోంపు ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు వెళ్లింది. "నా దగ్గర అయిదు లేదమ్మా."

"నాలుగుల కాలు పట్టదు సారూ. కాలేళ్లు ముడ్సుకోని నడుస్తుంది. ఒక్కసారి చూస్తే మీకే ఎరుకైతది."

"చూశానమ్మా."

"చూసిండ్రా?"

"మొన్ననే చూశాను. వేళ్లు ముడుచుకున్న పిల్ల మడమల మీద నిలబడుతుంది. మోకాళ్లు లోపలికి వస్తాయి. బూటు విప్పక్కర్లేదు, దూరం నుంచే తెలుస్తుంది." ఏదో పాఠం చెప్తున్నట్టు మెల్లగా చెప్పాడు. "నాలుగు కావాలా, ఇంట్లో కూర్చోబెడతారా? మీ ఇష్టం. నేనెవరినీ బలవంతం చెయ్యను."

తెలియక చేసేవాడి మీద నాకు కోపం నిలవదు. మా బాయి దగ్గర తెలియక చేసినవాటి వల్ల పోయిన మనుషులు ఉన్నారు. వాళ్ల కోసం ఏడ్చాం, ఎవరినీ పట్టుకుని తిట్టలేదు. కానీ ఈయన చూశాడు. చూసి, సుద్ద రుద్దుకున్నాడు.

ఏదో అనబోయాను. వెనక టకటక చప్పుడైంది. రూతు ఆ బూట్లతో వచ్చి నిలబడి ఉంది. మాటలన్నీ విన్నది.

"నాలుగే సరిపోతది సార్. అమ్మకు తెల్వదు" అంది. నవ్వింది. ఆ నవ్వే.

"విన్నారుగా" అన్నాడు సారు.

కాలు తగ్గదు కాబట్టి బూటు పెంచుదామని ఇంట్లో తీర్మానించుకున్నాం. ప్రయాణానికి ముందు ఆఖరి వారం పిల్లలు బూట్లు ఇంటికి తీసుకుపోవచ్చు. రూతు నాయిన పచ్చిశనగలు గుడ్డసంచిలో పోసి, నీళ్లు చల్లి, బూటు ముక్కులోకి కూరాడు. అవి నాని ఉబ్బుతుంటే తోలు మూలిగింది. నేను లోపలంతా ఇప్పనూనె పట్టించాను, పొద్దునొకసారి, సాయంత్రమొకసారి. ఆ ఎండకు నూనె నీళ్లలా ఇంకింది. బూటు కొంచెం, గోటి మందమంత మెత్తబడింది. రూతు వేసుకుని వంటింట్లో నడిచి, నిజంగా నవ్వింది. ఆ నెలలో అది నవ్విన అసలు నవ్వు అదొక్కటే.

ఆ ఏడు కొత్తగా, ఆడపిల్లల వెంట ఒక తల్లి రావాలన్నారు. ఆరో నంబరు పిల్ల తల్లికి ఆరోగ్యం బాగాలేదు, నేను వెళ్లాను. మా స్టేషనులో రైలెక్కాం. ఒక్క మాట చెప్పాలి. ఆ ప్రయాణమంతా ఆయన మా బెర్తుల పక్కన నడవాలో నిలబడే వచ్చాడు. తాగినవాడు ఒకడు మా వైపు వస్తే అడ్డం నిలబడి, అమ్మా అన్నంత మెత్తగా ఏదో చెప్పి పంపించేశాడు. ఏ పిల్ల మీదా చెడుచూపు చూసినవాడు కాదు. ఎవరి దగ్గరా పైసా తినలేదు. ఇవన్నీ నిజమే. నిజమైతే ఏంటి? మా పిల్ల కాలు వీటిలో ఏ ఒక్కటీ తొడుక్కోలేదు. ఆ బూటే తొడుక్కుంది.

మంచును నేను అక్కడే చూశాను. గచ్చు మీద పాలు ఒలికి, తుడిచేవాళ్లు లేక గడ్డ కట్టినట్టుంది. తలుపు దాటగానే చలి చీర లోపలికి వచ్చింది. రూతు బెంచీ మీద కూర్చుని బూట్లు తొడుక్కోబోయి ఆగింది. కాలు దిగడం లేదు. చేయి పెట్టి చూసి, నా వైపు చూసింది.

ఇప్పనూనె గడ్డకట్టింది.

చలికాలం పొద్దున ఆ నూనె సీసాలోనే గడ్డకడుతుందని, ఎండకు పెట్టి కరిగించుకుంటామని నాకు తెలియదా? మా ఊళ్లో చంటిపిల్లకు కూడా తెలుసు. మంచు మీదికి పోయే బూటులో పోస్తున్నానన్నది మాత్రం మా ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. మేమంతా మే నెలలో ఉన్నాం.

సారు వచ్చి బూటు అందుకున్నాడు. లోపల వేలు పెట్టి, తెల్లటి ముద్ద తీసి, వెలుతురుకు ఎత్తి చూశాడు. ఆయన నవ్వడం నేను అప్పుడే చూశాను. వేరే రాష్ట్రాల కోచ్‌లను పిలిచి హిందీలో ఏదో చెప్పాడు. జంగిల్ అన్న మాట ఒక్కటి నాకు అర్థమైంది. వాళ్లు బూటును చేతులు మార్చుకుంటూ, వాసన చూస్తూ నవ్వారు. తర్వాత ఆయన టీ కప్పులోని చెంచా తెచ్చి, ఆ బూటు లోపలంతా గీకాడు. నూనె తీయాల్సిందే, కాదనను. కానీ నూనెతో పాటు మేం పెంచిన ఆ గోటి మందం కూడా ఎటో పోయింది. చలికి తోలు మళ్లీ చెక్కయింది.

"వేసుకో నాలుగూ" అన్నాడు.

మూడు రోజులు అది ఆ బూట్లతో తిరిగింది. ఆఖరి రోజు పరుగులో మూడోదిగా వచ్చింది. కటకటాల అవతల నిలబడి చూశాను. అందరూ చప్పట్లు కొడుతున్నారు. నా కళ్లు దాని మోకాళ్ల మీదే ఉన్నాయి. బయటికొచ్చి బెంచీ మీద పడింది. లేసులు నేనే విప్పాను. కుడికాలి బూటు వస్తే మేజోడు రాలేదు, మేజోడు వస్తే తోలు ఆగలేదు. బూటు లోపల అడుగున ఎర్రగా ఉంది.

సారు బూటు తీసుకున్నాడు. రుమాలు తీసి లోపల శుభ్రంగా తుడిచాడు. ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశాడు. బూటు తుడిచాడు, కాలు చూడలేదు.

ఇంటికి చేరేసరికి దానికి జ్వరం. మడమ చీము పట్టింది. కొత్తగూడెంలో దవాఖానలో చేర్చాం. కోసి చీము తీశారు. చిటికెనవేలు గోరు పోయింది, ఆ వేలు పక్కవేలి కిందికి వంగిపోయింది, ఇప్పటికీ అలాగే ఉంది. కట్టు మార్చేటప్పుడు అది నా చేతిని కొరికేది, అరవకుండా ఉండటానికి. నొప్పా అని నర్సమ్మ అడిగితే, లేదు మేడం అనేది.

సారు చూడటానికి వచ్చాడు. గది గడప దగ్గరే నిలబడ్డాడు. బూట్లు తెల్లగా ఉన్నాయి. చేతిలో ప్లాస్టిక్ వేయించిన సర్టిఫికెట్టు. నేను దుప్పటి తీసి దాని కాలు ఎత్తి చూపించాను.

"చూడు సారూ. చూడు" అన్నాను. అప్పటిదాకా ఆయన్ను మీరు అనేదాన్ని.

చూశాడు. సోంపు కదల్లేదు. "ఎడమ కాలు బాగానే ఉంది కదమ్మా" అన్నాడు.

రూతు నాయిన ఎవరినీ ఒక్క మాట అనే మనిషి కాదు. స్టూలు మీది నుంచి లేచాడు. "సారూ, మీరు పోండ్రి" అన్నాడు. సారు సర్టిఫికెట్టును మంచం చివర, ఆ కాలికి తగలకుండా పెట్టి, వెళ్లిపోయాడు. ఆ గదిలో ఆ కాలి మీద ఆయన చూపించిన జాగ్రత్త అంతే.

ఆ సర్టిఫికెట్టుతోనే రూతుకు కాలేజీలో సీటు వచ్చింది, తర్వాత బడిలో ఉద్యోగం వచ్చింది. "ఆ కాలే నాకు కూడు పెడ్తుందమ్మా" అంటుంది. కుడికాలికి మూసిన బూటు ఎక్కదు, తెరిచిన చెప్పులే వేస్తుంది. ఏటా టీచర్ల పండుగకు పండ్లు తీసుకుని ఆయన ఇంటికి పోయేది. "రా నాలుగూ" అనేవాడట. దాని పేరు రూతు అని ఆయనకు తెలుసో లేదో నాకు తెలియదు. పాస్టరుగారు ఒకసారి నన్ను కూర్చోబెట్టి, క్షమించు తల్లీ అన్నాడు. "ఆయన అడిగితే అప్పుడు చూద్దామయ్యగారూ" అన్నాను. ఆయన అడగలేదు. ఇప్పుడిక అడగడు.

ఆదివారం సభకు వెళ్లాను. వెళ్లకపోతే రూతు ముఖం చూడలేను. గోడ మీది ఎర్రమాటకు కొత్తగా రంగు వేశారు. పెద్ద ఫ్లెక్సీలో సారు నిలబడి ఉన్నాడు, తెల్లబూట్లతో. దాని ముందు బల్ల మీద నాలుగో నంబరు, ఆరో నంబరు బూట్లు, వాటికి బంతిపూల దండలు. కమిటీ పెద్దమనిషి మైకు పట్టుకుని, గ్రౌండు ఇక మీదట రూతు మేడం చూసుకుంటుందని చెప్పి, సారు విజిల్ దాని మెడలో వేశాడు. అది ఏడిచింది. అందరూ ఏడిచారు.

"ఈ మే నెల క్యాంపుకు సారు బతికుండగానే ఒక పాపను ఎంచిండు. ఇగో, మన కొత్త నాలుగు!" అని పెద్దమనిషి ఒక పిల్లను ముందుకు తెచ్చాడు.

చండ్రుగొండ దిక్కు నుంచి వచ్చి మా లైనులో మేనత్త ఇంట్లో ఉండి చదువుకునే పిల్ల. బల్ల మీది దండ తీసి ఆ బూట్లు దానికి అందరి ముందూ తొడిగించారు. పిల్ల లేచి నిలబడింది. చప్పట్లు.

మడమల మీద నిలబడింది. మోకాళ్లు లోపలికి వచ్చాయి. నవ్వింది.

నేను రూతు వైపు చూశాను. రూతు కూడా ఆ మోకాళ్లనే చూస్తోంది. చూసి, తల తిప్పుకుని, మెడలో విజిల్ సరిచేసుకుంది.

అప్పుడే కమిటీ పెద్దమనిషి నన్ను రెండు మాటలకు పిలిచాడు. లేచి మైకు దాకా వెళ్లి, మైకును దాటి ఆ పిల్ల ముందు కూర్చున్నాను.

"నీ పేరేంది బిడ్డా?"

"భవాని."

"నీ చెప్పు ఎంత నంబరు?"

"అయిదు" అని గొణిగి, వెంటనే, "నొప్పి లేదు ఆంటీ. సరిపోయినయ్" అంది.

లేసులు విప్పాను. రెండు బూట్లూ తీసి చంకలో పెట్టుకున్నాను. మైకు దగ్గరికి వచ్చి, "ఇయి నేను ఇంటికి తీస్కపోత" అన్నాను. నా కూతురు వేసుకున్న బూట్లు గదా, శుభ్రం చేసి దాచుకుంటుందని అందరూ అనుకున్నారు. మేరమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

ఇంటికి వచ్చి కత్తిపీట వాల్చాను. ఒక బూటును రెండు చేతులా పట్టుకుని, ముక్కు దగ్గర కత్తికి ఆనించి లాగాను. తెగలేదు. ఇంకోసారి, మోకాలు అదిమి లాగాను. తోలు చీలిన చోట లోపలి కుట్టులోంచి వాసన వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఇప్పనూనె వాసన. రెండో బూటు తేలిగ్గా తెగింది.

రూతు పరుగెత్తుకుంటూ వచ్చి గుమ్మంలో ఆగిపోయింది.

"అమ్మా! ఏంజేస్తున్నవ్? గిసొంటియి మళ్ల యాడ దొర్కుతయ్?"

"దొర్కొద్దనే."

"ఆ పిల్ల ఛాన్సు పోదా? మే నెలకు ఎన్ని రోజులున్నదని?"

"అయిదు నంబరువి ఎతుకు. కమిటీనడుగు. దండలు కొన్నరు గదా, బూట్లు కొనలేరా?"

"సారు ఉంటే ఏమనేటోడో తెలుసా నీకు?"

"లేడు గదా బిడ్డా."

అది గడప మీద కూలబడింది. కుడికాలి చెప్పు విడిచి, వంగిన చిటికెనవేలిని బొటనవేలితో రుద్దుకుంది. నిజం చెప్పబోయే ముందు చిన్నప్పటి నుంచి అలాగే చేస్తుంది.

"భవాని నిలబడంగనే చూసిన అమ్మా" అంది.

"నువ్వు చూసినవని నేను చూసిన" అన్నాను.

కత్తిపీట కడిగి, వంకాయలు ముందు పెట్టుకున్నాను. కత్తి పదును పోయింది, వంకాయ నలుగుతోంది తప్ప తెగడం లేదు. రూతు కోసిన బూటు ఒకటి ఒళ్లో పెట్టుకుని, లోపల చేయి పెట్టి చూసుకుంటోంది. దాని మెడలో విజిల్ ఇంకా వేలాడుతూనే ఉంది. కూర పొయ్యి మీద పెట్టాక ఆ విజిల్ సంగతి చూడాలి.